గిన్నెలో ఒకే చార

“మిజుహో రెండు పక్షాలకీ పనిచేస్తోంది. రాడార్ రహస్యాల ఫిల్మ్ ఆమె దగ్గరే ఉంది. సాయంత్రం కోబెలో ఓడ ఎక్కేలోపు పట్టుకో,” అన్నాడు చీఫ్ హిదాకా.

“కురాటా సంగతి, సార్?”

“గుండె ఆగి పోయాడు. స్నేహితుడి చావు నెత్తికెక్కించుకుంటే బుర్ర పనిచెయ్యదు, నాంజో.”

ఏజెంట్ నాంజో తల వంచాడు. కురాటా తాగిన టీలో విషం ఉందని డాక్టర్ అతని ఒక్కడి చెవిలోనే వేశాడు. చివరిరోజు కురాటాని కలిసింది ఇద్దరే: మిజుహో, హిదాకా.

ఆ మధ్యాహ్నం ఉజీ ఊళ్లోని టీ గదిలో ఆ ఇద్దరూ అతిథులు. నాంజోది టీ గురువు వేషం. వల మిజుహో కోసమేనని చీఫ్ నమ్మకం.

పొద్దున్నే నాంజో స్వయంగా తిరగలి తిప్పాడు. గడ్డి పందిరి కింద, ఎండ తగలకుండా పెరిగిన టీ ఆకు. నీడలోనే దానికి రుచి. పగకీ అంతేనేమో అనుకున్నాడు. తొందరపడితే రాయి వేడెక్కి వాసన చస్తుంది. వేగం పెంచలేదు.

“కురాటా గారు చివరిసారి తాగింది ఈ డబ్బాలో పొడే. ఆయన గుర్తుగా దాచాను,” అని అబద్ధమాడి, చిక్కటి మాచా, ఆ పచ్చటి పొడి టీ, ఉన్న గిన్నెని మిజుహో ముందు పెట్టాడు.

“అయ్యో, ఆయన సగం మీసాలకే తాగించేవాడు గురువుగారూ!” మిజుహో నవ్వి, గుటకలు వేసి, అంచు తుడిచి, ఆచారం ప్రకారం అదే గిన్నె హిదాకాకి అందించింది.

హిదాకా పెదాలకి ఆనించి, కళ్లు మూసుకుని, దించాడు. “అమోఘం.”

నాంజో గిన్నెలోకి చూశాడు. అంత చిక్కటి టీ ఎవరు తాగినా అంచుదాకా పచ్చటి చార పడుతుంది. అక్కడ ఉన్నది ఒకే చార. మిజుహోది.

“చివరి అతిథి మిగల్చకూడదు, సార్.”

“కడుపు బాగోలేదు.”

“కురాటాకి గుండె, మీకు కడుపు.”

నాంజో అతని మెడ పట్టి గిన్నెని నోటికి ఆనించాడు. హిదాకా కళ్లు మిజుహో వైపు తిరిగాయి. ఆమె కులాసాగానే ఉంది. కానీ ఆ విషం పనిచెయ్యడానికి గంట పడుతుందని అతనికి తెలుసు. బయట కోబె ఓడరేవుకి వెళ్లే కారు హారన్ కొట్టింది.

“ఆగు! ఫిల్మ్ నా విసనకర్రలో ఉంది! కురాటా చూసేశాడు, అందుకే...”

అతని మోకాళ్ల ముందున్న విసనకర్రని మిజుహో తీసి విరిచింది. లావుపాటి పుల్లలోంచి ఫిల్మ్ జారిపడింది.

నాంజో గిన్నెని వెంటనే తియ్యలేదు. కురాటాకి భయపడే వ్యవధి కూడా దొరకలేదు. ఆ బాకీ భయమంతా ఈ కళ్లలో నిండేదాకా చూశాడు. నిండాక, ఆశ్చర్యంగా, తనలో ఏమీ మిగల్లేదు.

బేడీలు పడ్డాక హిదాకా గొణిగాడు. “ఆ విషప్పొడి ఎంత కలిపావు?”

నాంజో మిగిలిన టీ అంతా తాగి, మూతి తుడుచుకున్నాడు.

“ఏమీ కలపలేదు సార్. చక్కెర కూడా.”