కర్చీఫ్ వేసిన సీటు

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోండి. మీరు ఖాళీ చేసిన కుర్చీ నాకు చూపించకండి, నేను నిలబడే చెబుతాను. ఎందుకు నిలబడ్డానో చివర్లో మీకే తెలుస్తుంది.

మెట్టుగూడ జకర్యా అంటే తెలియనివాడు రైల్వేలో లేడు. గార్డుగా నేనిక్కడ ఈల వేస్తే కాజీపేటలో బండి కదిలేది. మౌలాలి గుట్ట ఒంటికాలి మీద ఎక్కాను, దిగేటప్పుడు ఆ కాలు కూడా వాడలేదు. వీటన్నిటినీ మించిన విద్య ఒకటుంది నా దగ్గర: కర్చీఫ్ వేయడం. కదిలే బస్సు కిటికీలోంచి విసిరితే అనుకున్న సీటు మీదే పడేది. ఆ నీలిగళ్ల గుడ్డ చూసి రౌడీలు సైతం "జకర్యా సాబ్ సీటు" అని పక్కకు జరిగేవారు. గుడ్డ పడితే సీటు దక్కినట్టే. అది మన ఊరి చట్టం. అంతెందుకు, నా భార్య రోసమ్మ పోయినప్పుడు ఆమె సమాధి పక్కన నాకో జాగా ముందే ఆపిపెట్టాను. అక్కడ సుత సీటు ఖాయం చేసుకున్న మొనగాణ్ణి!

మొన్న ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, మనవరాలు హదస్సా నన్ను మోండా మార్కెట్ అవతల కొత్తగా తెరిచిన మాల్‌కు లాక్కుపోయింది. లోపల పెద్ద హాలు, హాల్లో చీకటి, చీకట్లో మెలికలు తిరిగిన పట్టాలు. 'పాతాళ బండి' అట. గుమ్మానికి ప్లాస్టిక్ పుర్రెలు వేలాడుతున్నాయి.

"భయమైతుందా తాతా?"

"నాకా? దయ్యాలే టికెట్ కొనుక్కొని నన్ను చూడాలె బిడ్డా!"

బండి నిండింది, ముందు వరస తప్ప. అక్కడ ఒక సీటు మీద పాత తెల్ల కర్చీఫ్ పడుంది. నల్లదారం అంచు. తడిగా ఉంది.

"తాతా, ఎవరో కర్చీఫ్ ఏసిండ్రు. ఆగుదాం జెర."

"జకర్యా ముందు కర్చీఫా!"

రెండు వేళ్లతో ఎత్తి పట్టాల మీదికి విసిరేసి దర్జాగా కూర్చున్నాను. పక్కన హదస్సా. పడిపోకుండా మా ఒడి మీదికి చెరో ఇనప కడ్డీ అడ్డంగా దిగింది.

గొలుసు కటకటమంటూ బండి పైకెక్కింది. అట్టబొమ్మలు అరిచాయి, వెనక పిల్లలు అంతకంటే గట్టిగా అరిచారు. నేను ఆవులించాను.

శిఖరాన దీపాలు ఆరిపోయాయి. బండి ఆగింది. వెనక అరుపులూ ఆగాయి. అంతమంది కూర్చున్న బండిలో ఒక్క ఊపిరీ వినిపించలేదు.

అప్పుడొచ్చింది వాసన. రోజుల తరబడి మూటలో ఆరకుండా మగ్గిన బట్టల కంపు... నా చెవి పక్కనే.

"లెవ్వు."

"ఎవరది?"

"నా సీటు... లెవ్వు."

కడ్డీని నెట్టాను. కదల్లేదు. లేవమంటోంది... లేవనివ్వడం లేదు. నా ఒళ్లో ఏదో కూర్చుంది. బరువుగా. తడిగా. ప్యాంటులోంచి తొడలకు చన్నీళ్లు దిగుతున్నాయి.

"లెవ్వవా? అయితే పిల్ల సీటియ్యి."

ఠక్...

హదస్సా కడ్డీ పైకి లేచింది. నాది కాదు, ఆమెది. కింద అంతు తెలియని లోతు.

"తాతా... ఎవరో గుంజుతుండ్రు..."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. తడి వేళ్లు నా వేళ్లను ఒక్కొక్కటే విప్పదీస్తున్నాయి. చిటికెనవేలు... ఉంగరపు వేలు...

ఈల వేద్దామంటే నోరెండిపోయింది. రెండో చేత్తో జేబులోంచి నీలిగళ్ల కర్చీఫ్ లాగి పిల్ల ఒళ్లో పడేశాను.

"కర్చీఫ్ ఏసిన! ఈ సీటు మా పిల్లది!"

వేళ్లు ఆగాయి. తర్వాత హదస్సా కడ్డీ మెల్లగా దిగింది. దానికీ చట్టం తెలుసు.

ఆ కంపు మళ్లీ నా చెవి దగ్గరికొచ్చింది.

"మరి... నీ సీటుకు?"

నా జేబులో ఇంకో కర్చీఫ్ లేదు.

బండి ఒక్కసారిగా జారింది. వెలుతురులోకి వచ్చేసరికి వెనక పిల్లలు నవ్వుతున్నారు. హదస్సా మణికట్టు మీద నల్లగా కమిలిన వేళ్ల గుర్తులు. నా ప్యాంటు తడిసింది. నవ్వకండి, అవి నా నీళ్లు కావు.

ఆ రోజు నుంచి చూడండి: బస్సులో, చర్చి బెంచీ మీద, ఇంట్లో అన్నం తినే కుర్చీలో, నేను వంగేలోపే నల్లంచు తెల్లగుడ్డ పడి ఉంటుంది. తడిగా. పులి గోళ్లు తీయమనండి, తీస్తాను. ఆ గుడ్డ మాత్రం తీయను.

పోయిన ఆదివారం హదస్సాతో రోసమ్మకు పూలు పెట్టి రావడానికి వెళ్లాను. పక్కన నా జాగా. ఎండకు నేల నెర్రెలిచ్చింది. దాని నడుమ... ఆ గుడ్డ.

సమాధుల తోట కావలి సైలస్ కర్రతో దాన్ని లాగాడు. లోపలి నుంచి ఎవరో వెనక్కి లాగారు.

నా మాట నమ్మొద్దు. సైలస్‌ను అడగండి. ఆ కర్ర ఇంకా అక్కడే ఉంది, సగం మట్టిలో.