అత్తయ్య చెరిపిన సున్నాలు

"నా పుస్తకంలో రాసుకున్నవన్నీ ఎవరు చెరిపారు!"

కోడలి కేకకి వంటింట్లో అత్తయ్య చేతిలోంచి గరిటె జారిపోయింది. అరవదూ మరి! బిజినెస్ స్కూల్ ప్రవేశ పరీక్ష నెత్తిమీదికొచ్చింది. పాసైతేనే చదువుకి సెలవిస్తామన్నారు ఆఫీసువాళ్ళు, అదీ ఈ ఒక్క ఏడాదికే. తప్పిందా... జన్మంతా ఆ గోడౌన్ లెక్కల బల్ల దగ్గరే!

ఆ పుస్తకం ఎంచుకోవడానికి ఆ పిల్ల పడ్డ తిప్పలు ఇన్నా అన్నా! కోచింగ్‌కి వెళ్ళే తీరిక లేదు. వీడియో పాఠాలు వినమంది ఆడపడుచు. ఫోన్లో యాప్ చాలంది స్నేహితురాలు. భర్తయితే అట్టపెట్టెడు పుస్తకాల సెట్టే కొనేద్దామన్నాడు. తలా ఒక మాట! చివరికి తనే షాపులో నిలబడి, అన్నీ తిరగేసి, పరీక్ష పెట్టేవాళ్ళు వేసిన పాత ప్రశ్నల పుస్తకం ఒక్కటే తెచ్చుకుంది. ఏ జవాబు ఎందుకు ఒప్పో, మిగతావి ఎందుకు తప్పో వెనక విడమరిచి ఉంది. తప్పిన ప్రతి ప్రశ్నకీ పెన్సిల్‌తో సున్నా చుట్టి, ఎక్కడ పొరబడిందో పక్కనే రాసుకునేది. చివర్లో వాటినే చూసుకోవాలని! ఇప్పుడు చూస్తే ఒక్క సున్నా లేదు, ఒక్క అక్షరం లేదు...

"నేనేనమ్మా..." అంది అత్తయ్య తడిచేతులు తుడుచుకుంటూ.

"మీరా! నేను చదవడం ఇష్టం లేకపోతే మొదట్లోనే చెప్పాల్సింది అత్తయ్యా! నోటికాడి కూడు లాగేశారు!"

ఎంత మాట! అత్తయ్య కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"ఇష్టం లేకపోవడమేమిటి తల్లీ! ఆ సున్నాలు చూసినప్పుడల్లా నావల్ల కాదని కళ్ళు తుడుచుకునేదానివి. నా కడుపు తరుక్కుపోయేది! మా కుట్టుకొట్లో బట్ట కుట్టడమయ్యాక సుద్దగీతలు దులిపేసి ఇస్తాం. ఇదీ అంతేననుకున్నాను... తప్పులు కనబడకపోతే నీకు ధైర్యమొస్తుందని, ఈ వారం ఆఫీసు పనితో నువ్వు పుస్తకం తియ్యనప్పుడు కూర్చుని చెరిపాను. ఏం తెలిసి ఏడ్చాను గనక నేను!"

భర్త కంగారుగా చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. "పోనీలే, ఆ పెద్ద సెట్టు ఇప్పుడే పట్టుకొస్తాను."

"తీసుకురా నాయనా, పరుగెత్తు!" అంది అత్తయ్య.

కోడలు మళ్ళీ పుస్తకం తెరిచింది. బోసిపోయిన ఆ పేజీలు తిప్పుతూంటే ఒక శాతాల లెక్క కంటబడింది. ఎప్పుడు చేసినా తప్పేది అది! ఊరికే పెన్సిల్ తీసుకుంది... చేసింది... వెనక చూసుకుంది. ఒప్పు! కింద ఇంకోటి... అదీ ఒప్పే! పక్కన తన రాత ఉండుంటే దాన్ని చూసే చేశాననుకునేది. తెలిసిందో లేదో తెలిసేదే కాదు!

"ఏమండీ, ఆగండి! ఇప్పుడు ఆ సెట్టు ముందేసుకుంటే ఏదీ పూర్తికాదు. నాకిదే చాలు."

చెప్పులేసుకుని గుమ్మంలోనే నిలబడిపోయిన భర్త, వెళ్ళాలో వద్దో తెలీక తల్లి మొహం చూశాడు. తల్లి కోడలి మొహం చూస్తోంది.

"అన్నీ వచ్చేస్తున్నాయా అమ్మా?" అంది భయంభయంగా.

"అన్నీ రావత్తయ్యా. కొన్నింటికి మళ్ళీ సున్నాలు చుడతాను..." కోడలు లేచొచ్చి ఆవిడ చేతులు పట్టుకుంది. "అనరాని మాటన్నాను, క్షమించండి. నేనేడిస్తే మా అమ్మయినా ఆ పుస్తకం అవతల పారెయ్యమనేది. మీరు సున్నాలే తీసేశారు గానీ, చదువు మానెయ్యమని ఒక్కనాడూ అనలేదు! మీ రుణం ఎలా తీర్చుకోను!"

"మానమంటానా, పిచ్చిదానా!" అత్తయ్య ఏడుస్తూనే నవ్వింది. "కూర్చో, కూర్చో! వంట నేను చూసుకుంటాను. ఒరేయ్, ఆ చెప్పులిప్పి లోపలికొచ్చి కూరగాయలు తరుగు!"