ఫ్రిగేట్ అడుగున మూడో గది

ఆ గదికి మంచి పేరు లేదు. వెల్డింగ్ వాళ్లు ఒంటరిగా పోరు. పెయింటర్లు ఇద్దరిద్దరు పోతారు, అదీ జేబులో నిమ్మకాయ వేసుకుని. సాయంత్రం గాలి లేచిందంటే లోపల ఎవరో ఆడమనిషి ఏడుస్తుందట... నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చినట్టు, సన్నగా.

గది అంటే ఇంట్లో గది కాదు. తూర్పు తీరంలో ఒక రేవు, ఆ రేవులో ఒక పాత యుద్ధనౌక. పేరు అడక్కండి, చెప్పకూడదట. దాని అట్టడుగున, వెనక వైపు, మనిషి వంగి దూరాల్సిన ఇనుప గది అది. నంబరు మూడు.

మా కోరుట్లకు సముద్రం ఎక్కడిది? బీర్పూర్‌లో ఉండే మా చిన్నమ్మ కొడుకు దేవేందర్ పుణ్యమా అని ఈ ఓడ దెయ్యం మా వంటింటి దాకా వచ్చింది. మొన్న సెలవు మీద వచ్చి, మక్కగారెలు ఒక్కొక్కటే లాగిస్తూ చెప్పాడు. సంగతి వాడిది, ఉప్పూకారం మాత్రం నావి.

దేవేందర్ దుబాయ్‌లో ఆయిల్ ట్యాంకుల పలకల మందం కొలిచే పని నేర్చాడు, ఇప్పుడు ఆ రేవులో అదే పని చేస్తున్నాడు. చేతిలో సెల్‌ఫోనంత మీటరు ఉంటుంది. పలక మీద ఆనిస్తే ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో చూపిస్తుంది. ఈ ఫ్రిగేట్‌కు ముప్ఫై అయిదేళ్లు. కొత్తది కట్టాలంటే ఏళ్లు పడుతుంది. అందుకని సిరిసిల్లలో పాత సాంచెకు, అదే మరమగ్గానికి, కొత్త మోటరు బిగించి బట్ట నేసినట్టు, దీనికే కొత్త రాడార్లు, కొత్త వైర్లు పెట్టి ఇంకో పదేళ్లు నడిపిద్దామని, నీళ్లు తోడేసిన డాక్‌లో నిలబెట్టారు. అడుగు పలకల్లో ఏది ఉండాలి, ఏది కోసి మార్చాలి అన్నది మా వాడి మీటరు చెప్పాలి.

అన్ని గదులూ అయ్యాయి. మూడోది మిగిలింది. ఎల్లుండి డాక్‌లోకి నీళ్లు వదులుతారు.

సూపర్‌వైజర్ ప్రకాశ్‌ది ఆ తీరమే. మంచివాడే. దేవేందర్‌ను పక్కకు పిలిచి మొత్తం చెప్పాడు. ఎనిమిదేళ్ల కింద ఓడ రిపేరుకు వచ్చినప్పుడు ఎవరో ఆ గది గోడ మీద రాసిపెట్టారట — లోపల ఆడది ఉంది, కొట్టొద్దు అని. పక్కన జడ బొమ్మ కూడా గీశారట. మొగుడి దెబ్బలకు పారిపోయి వచ్చి, ఓడలో దాక్కుని ప్రాణం విడిచిన మనిషని అందరి నమ్మకం. సుత్తి దెబ్బ పడితే ఊరుకోదట. ఈసారి ఓడ బయటి వైపు ఇసుక చిమ్మి పాత రంగంతా దులిపారు... ఆ రోజు నుంచే ఏడుపు మొదలైందట.

"నువ్వెళ్లకు," అన్నాడు ప్రకాశ్ గొంతు తగ్గించి. "పక్క గది రీడింగులే దీనికీ వేసేసి సంతకం పెట్టెయ్."

మా దేవేందర్ ఎంత ధైర్యవంతుడంటే, పెళ్లయ్యాక కూడా రాత్రిపూట వాకిట్లోకి పోవాలంటే పెళ్లాం జ్యోతిని లేపేవాడు. కానీ సంతకం వాడిది. రెండు వందల మంది ఆ పలకను నమ్ముకుని సముద్రంలోకి పోతారు. పెట్టకపోతే ఉద్యోగం పోతుంది, పెడితే నిద్ర పోతుంది. రెండూ కాపాడుకోవాలంటే లోపలికి పోవడం ఒక్కటే దారి.

పోయాడు. సాయంత్రం నాలుగు గంటలు. బయట ఎండ కాస్తోంది — లోపల అమావాస్య.

వంగి దూరుతుంటే హెల్మెట్ రంధ్రం అంచుకు తగిలింది. దాని మీది లైటు టప్పున ఆరిపోయింది. ఫోను గేటు దగ్గరే తీసుకుంటారు. వెనక్కి పోదామంటే దూరిన రంధ్రం ఎటుందో తెలియడం లేదు.

అప్పుడు వినిపించింది... ఊ... ఊ...

చేతులు జోడించాడు.

"అవ్వా... నేను కొట్టనీకి రాలే. గీ మీటరు పెట్టుకొని పోత."

ఏడుపు ఆగలేదు. ఇంకాస్త దగ్గరైంది. అటు తిరిగాడు — చూశాడు.

కింద, మూలన, కన్ను.

ఒక్కటే. మినపగింజంత. తెల్లగా మెరుస్తోంది. రెప్ప వేయడం లేదు. ఏడుపు ఆ కంట్లోంచే వస్తోంది.

వెనక్కి ఎగిరి గోడకు తగిలాడు. హెల్మెట్ ఠంగుమని ఇనుముకు కొట్టుకుంది. ఆ దెబ్బకు లైటు వెలిగింది. వెలుగు పడింది కన్ను మీద కాదు, ఎదుటి గోడ మీద. తెల్లటి అక్షరాలు. పెయింటర్లు భయపడి వాటిని వదిలేసి, చుట్టూ మాత్రం రంగు వేశారు.

ఆడ ఉన్నది. కొట్టకుండ్రి.

చదివాడు. మళ్లీ చదివాడు. భయం ఎటు పోయిందో గాని పగలబడి నవ్వాడట. ఆడది కాదు, ఆడ! మావైపు వాడెవడో రాసింది, బీర్పూర్‌లో పాలు తాగే పిల్లలకూ తెలిసిన మాట. అక్కడ ఉంది, కొట్టకండి అని. వాళ్లు జడ అనుకున్నది బాణం గుర్తు. అది కింది మూలను చూపిస్తోంది, ఆ కన్ను వైపే.

అది కన్నూ కాదు. చిల్లు. బయటి ఎండ అందులోంచి కనిపిస్తోంది. ఇసుక దెబ్బకు రంగూ తుప్పూ రాలి తెరుచుకుంది. సముద్రం గాలి దాంట్లో దూరి ఏడుస్తోంది. చుట్టూ మీటరు పెట్టి చూశాడు. ఎనిమిది మిల్లీమీటర్లు ఉండాల్సిన పలక ఒకటిన్నరే మిగిలింది, కొట్టొద్దన్నది అందుకే. నవ్వు ఆగిపోయింది.

పైకి వచ్చేసరికి ప్రకాశ్ నిమ్మకాయ పట్టుకుని నిలబడి ఉన్నాడు. దేవేందర్ రీడింగుల కాగితం చేతికిచ్చాడు, గోడ మీది రాతకు అర్థం చెప్పాడు. ప్రకాశ్ అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. పక్క గది అంకెలు వేయమన్నది తనే కదా. ఆ రాత్రే పైవాళ్లకు ఫోన్ చేసి నీళ్లు వదలడం ఆపించాడు.

అంతకు ముందు, ఆ మెట్టు మీదనే కూర్చుని ఒక్క మాట అడిగాడట.

"ఇంత ప్రమాదమని తెలిసినోడు... గోడ మీద రాసి ఊరుకుంటాడా? నోటితో కూడా ఎవరికైనా చెప్పుండాలి కదా?"

"చెప్పే ఉంటడన్నా," అన్నాడు దేవేందర్. "ఆ యాస విని మీరు నవ్వి ఉంటరు."