పద్నాలుగో క్లాజు

పట్టపగలు పదకొండింటికి చట్టసభ భవనంలో లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి, ప్రూఫ్ రీడర్ లోపల గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. బిల్లు కాగితాలు ఒళ్ళోనే ఉన్నాయి. ప్రాణమే లేదు. డాక్టరు గుండెపోటని రాసి చేతులు దులుపుకున్నాడు. మెడ వెనక సూది దిగిన మచ్చ ఆయన కంట పడలేదు.

ఆ మచ్చ ఫోటోని బాస్ బల్ల మీద ముందుకు తోశాడు. ఎదుటి కుర్చీలో ఉన్న ఏజెంటు దాన్ని చూసి, తెలియకుండానే తన మెడ వెనక తడుముకున్నాడు.

డిపార్టుమెంటులో అతన్ని అందరూ కాగితం అంటారు. మూడు తరాలుగా వాళ్ళది కాగితాల దుకాణం. కళ్ళు మూసుకుని ముట్టుకుంటే చాలు, ఏ మిల్లు సరుకో చెప్పేవాడు. దొంగ పాస్‌పోర్టులు పట్టడానికి ఆ వేళ్ళు పనికొస్తాయని బాస్ అతన్ని గల్లా ముందు నుంచి లేపి తెచ్చుకున్నాడు. ధైర్యం సంగతి ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, ఆ సరుకు మా దగ్గర దొరకదని నిజమే చెప్పేవాడు.

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. తీరం వెంబడి ఉన్న రాడార్ల నిర్వహణ మీద ఒక బిల్లు సభ ముందుకు వస్తోంది. రాడార్ గదుల్లోకి విదేశీ కంపెనీలను అడుగు పెట్టనివ్వకూడదని అందులో పద్నాలుగో క్లాజు చెబుతోంది. ఒక విదేశీ ముఠా ఆ క్లాజును తలకిందులు చేయాలని చూస్తోంది. ఎలా చేస్తుందో తెలియదు. చేస్తే మాత్రం సముద్రం మీద మన పడవ ఏది ఎక్కడుందో వాళ్ళ తెర మీద కనిపిస్తుంది.

"మీ బావ గస్తీ పడవ మీదే కదా పనిచేసేది?" అన్నాడు బాస్.

కాగితం తలూపాడు. అక్క మొగుడు. నెలలో ఇరవై రోజులు నీళ్ళ మీదే. ఈ ఉద్యోగంలో చేరిననాడు భుజం తట్టి, నువ్వు నేల మీద చూసుకో, నీళ్ళ సంగతి నేను చూసుకుంటానన్నాడు. ఇప్పుడు బేరం తిరగబడి, నీళ్ళ సంగతీ తన మీదే పడింది.

చట్టసభ ఎలా పనిచేస్తుందో, విధానాలు ఎలా తయారవుతాయో నేర్పే పది రోజుల కోర్సు ఉంది. అందులో పన్నెండో విద్యార్థిగా అతను చేరాలి. కుడి కమ్మీ నొక్కితే ఫోటో తీసే కళ్ళజోడు ఒకటి ఇచ్చారు. లోపల మన మనిషి ఉంది, కుర్చీ ఖాళీయేనా అంటూ తనే పలకరిస్తుందన్నారు; గుర్తుగా చెప్పాల్సిన జవాబూ నేర్పారు.

మొదటి రోజు క్లాసులో అతని పక్కకు వచ్చి నిలబడింది కోర్సు కోఆర్డినేటరే. చెవులకు ముత్యాలు, మెడకు పట్టు స్కార్ఫ్. ఆమె నడిచి వెళుతుంటే గుమాస్తాలు ఫైళ్ళలోంచి తలలెత్తేవారు.

"ఈ కుర్చీలో ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నవారు టీకి వెళ్ళారు" అన్నాడు కాగితం. గొంతు అరువు తెచ్చుకున్నట్టుంది.

తొమ్మిది రోజులు భయపడుతూనే చదివాడు. లిఫ్టు ఎక్కకుండా నాలుగంతస్తులూ మెట్లెక్కాడు. కళ్ళజోడు తీసిన నలభై ఫోటోల్లో ముప్పై ఆరు పైకప్పువే. అయినా పాఠం మాత్రం వ్యాపారి బుర్రకు బాగా ఎక్కింది. టీవీలో కనిపించే హాలు దుకాణం ముందు అద్దాల బీరువా లాంటిదే. అసలు బేరం కమిటీ గదుల్లో వారాల తరబడి సాగుతుంది. అక్కడ ఒక్కో క్లాజునీ గిల్లి, గీరి, విడదీసి, మళ్ళీ కడతారు. హాలుకు వచ్చేసరికి మూట కట్టి ఉంటుంది, ముద్ర వేయడమే తరువాయి. సభ్యుల ముందుండేవి శాంపిళ్ళు. సెక్రటరీ బల్ల మీద ఉన్న బిల్లు ప్రతే అసలు సరుకు. స్పీకర్ సంతకం దాని మీదే పడుతుంది, చట్టమయ్యేదీ అదే. చివరి ఓటప్పుడు దాన్ని ఎవరూ చదవరు. రెండు నుంచి ఇరవై దాకా క్లాజులని స్పీకర్ ఒక్క గుక్కలో కానిచ్చేస్తారు.

తలుపు దగ్గరుండే ముసలి మార్షల్ ఒక సంగతి అదనంగా చెప్పాడు. అధికారులు, విద్యార్థులు కూర్చునే, పెట్టె అని పిలిచే గడికీ సభకూ మధ్య మోకాలెత్తున ఒక తాడు కట్టి ఉంటుంది. ఓట్లు లెక్కించేటప్పుడు తలుపులకు తాళం వేస్తారు. ఆ లెక్క నడిచేటప్పుడు బయటి మనిషి కాలు తాడు దాటి లోపల పడిందా, ఆ లెక్క చెల్లదు. బిల్లు మొత్తం పైకి చదివి మళ్ళీ లెక్క పెట్టాలి.

"ఎవరైనా ఎప్పుడైనా దాటారా తాతా?"

"ముప్పై ఏళ్ళలో ఒక్కసారి పిల్లి దాటింది బాబూ. పిల్లి బయటి మనిషి కిందికొస్తుందా రాదా అని పూటంతా వాదించుకున్నారు."

పదో రోజు, ఓటు రోజు, కోర్సు వాళ్ళందరికీ బల్ల ప్రతిని చూపించే ఆచారం ఉంది. సెక్రటరీ పట్టుకునే ఉన్నాడు, ఒక్కొక్కరూ పేజీలు తిప్పి చూశారు. కాగితం వంతు వచ్చింది. ఆరో పేజీ దాకా బొటనవేలికి ఒకే గరుకు తగిలింది. పద్నాలుగో క్లాజు ఉండే ఏడో పేజీ నున్నగా జారింది. చదివేలోపే సెక్రటరీ ప్రతిని తీసుకుని వెళ్ళిపోయాడు.

వరండాలో కోఆర్డినేటర్‌ను పట్టుకుని, ఏడో పేజీ వేరే మిల్లుదని గుసగుసగా చెప్పేశాడు. జీవితంలో అంత చవగ్గా ఏ సరుకూ అమ్ముకోలేదు. ఆమె అతని మొహంలోకి ఒక్క క్షణం చూసి, బాస్‌కు తను కబురు పంపుతాననీ, సభలో తన పక్కనే కూర్చోమనీ చెప్పింది.

బ్యాగులు, ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేశారు. పెట్టెలోకి ఖాళీ చేతులతో వెళ్ళాలి. ఒంటి మీద ఏదో ఒకటి అడ్డం లేకపోతే అడుగు పడేలా లేదు. గట్టి అట్ట ఉన్న నియమావళి పుస్తకాన్ని చొక్కా కింద నడుములోకి దోపుకున్నాడు. ద్వారం దగ్గర మార్షల్, మాటల్లో మాటగా, ప్రూఫ్ రీడర్ పోయాక బిల్లు కట్టను ప్రెస్సు నుంచి పాపం ఆ ముత్యాలమ్మే మోసుకొచ్చిందని మెచ్చుకున్నాడు.

ఏడో పేజీ మార్చింది కోఆర్డినేటరేనని కాగితానికి తెలిసిపోయింది. వెనక్కి తిరుగుదామనుకున్నాడు. వెనక పదకొండు మంది వరసలో ఉన్నారు. లోపలికి నెట్టుకొచ్చేశారు. తాడును ఆనుకున్న మొదటి వరసలో, ముత్యాల చెవి పక్కన కుర్చీ దొరికింది.

గంట మోగింది. తలుపులకు తాళాలు పడ్డాయి. రెండు నుంచి ఇరవై దాకా, అన్నారు స్పీకర్. సభ్యులు లేచి నిలబడ్డారు. లెక్క మొదలైంది.

అతని పక్కటెముకల కింద సన్నగా ఏదో ఆనింది. ఆమె చేతిలో పెన్ను.

"ప్రూఫ్ రీడర్‌వి కూడా మంచి కళ్ళు" అందామె, సభ వైపే నవ్వుతూ. "రెండు నిమిషాలు. కదలకుండా కూర్చోండి. అందరితోపాటు చప్పట్లు కొట్టి ఇంటికెళ్ళండి."

కాగితం లెక్క వేసుకున్నాడు. కూర్చుంటే తను బతుకుతాడు. బహుశా. సాయంత్రానికి బావ పడవ వాళ్ళ తెర మీద చుక్క అవుతుంది. లేస్తే సూది. నూట నలభై, నూట నలభై ఒకటి అని లెక్క సాగుతోంది. ఎటు తూచినా నష్టమే. ఏ నష్టం అక్క మొహం చూస్తూ భరించగలడో అదొక్కటే తేలింది.

లేచాడు. పెన్ను క్లిక్కుమంది. పొత్తికడుపు పక్కన పిడిగుద్దు లాంటి పోటు తగిలింది. కాలు తాడు మీదుగా వేశాడు. రెండో కాలు తాడుకు చుట్టుకుని, అధికార పక్షానికీ ప్రతిపక్షానికీ మధ్య తివాచీ మీద బోర్లా పడ్డాడు.

లెక్క ఆగిపోయింది.

"ఎవరా మనిషి?" అన్నారు స్పీకర్.

"బయటి మనిషండీ" అన్నాడు ముసలి మార్షల్. ముప్పై ఏళ్ళుగా ఆ మాట కోసమే కాచుకున్నట్టు గొంతు సవరించుకున్నాడు. "తాడు దాటాడు. లెక్క చెల్లదండీ."

సెక్రటరీ విసుక్కుంటూ బల్ల ప్రతిని మొదటి నుంచి పైకి చదవడం మొదలుపెట్టాడు. ఇద్దరు మార్షళ్ళు మెడ నేలకు అదిమి పట్టుకుంటే, కాగితం తివాచీ నూలు పీలుస్తూ విన్నాడు. పన్నెండు. పదమూడు. పద్నాలుగు: రాడార్ల నిర్వహణను విదేశీ సంస్థలకు తొంభై తొమ్మిదేళ్ళకు అప్పగించవచ్చు.

మంత్రి తన ప్రతి చూసుకున్నాడు. ప్రతిపక్ష నాయకురాలు తన ప్రతి చూసుకుంది. పదేళ్ళలో మొదటిసారి ఇద్దరూ ఒకేసారి లేచి, ఇది మా ప్రతిలో లేదని ఒకే మాట అన్నారు.

కోఆర్డినేటర్ అప్పటికే తలుపు దగ్గరుంది.

"లెక్క తేలేదాకా తీయకూడదమ్మా" అన్నాడు మార్షల్ మర్యాదగా. "కోర్సులో మీరే కదా చెప్పారు."

బిల్లు అసలు ఏడో పేజీతో ఆ మధ్యాహ్నమే పాసైంది. తాడు దాటిన నేరానికి సభ కాగితాన్ని సాయంత్రం దాకా నేలమాళిగ గదిలో నిర్బంధించింది. ఆ గదిలో కూర్చుని, విరిగిన సూది దిగిన పుస్తకం అట్టను వేలితో తడుముతూ, ఇప్పుడు తీరిగ్గా వణికాడు. ఆఫీసు ఫోన్లో అక్కతో మాట్లాడించమని మార్షల్‌ను బతిమాలాడు. బావ రేవుకు చేరాడా అని మాత్రమే అడిగాడు. చేరాడు, ఆకలని గోల చేస్తున్నాడంది అక్క.

తలుపు తెరుచుకుని బాస్ వచ్చాడు. ఆయన చేతిలో కోర్సు సర్టిఫికెట్ ఉంది. కింద కోఆర్డినేటర్ సంతకం ఉండాల్సిన చోటు ఖాళీ.

"నీకు ఫస్ట్ క్లాస్ ఇచ్చారోయ్. సభ పనితీరును ఇంత దగ్గరగా చూసిన విద్యార్థి ఇంకొకడు లేడట."

కాగితం దాన్ని అందుకుని, అలవాటు చొప్పున బొటనవేలితో అంచు రుద్ది చూశాడు.

"నాసి సరుకు సార్" అన్నాడు.