ఐదో సెట్‌లో వద్దన్నవాడు

"గుర్రానికి కళ్లెం వేసినట్టు నా కాళ్లకి ఈ పట్టీలేంటి?" అంది సల్కిన్.

"సెన్సర్లండీ. రెండు నిమిషాలే. పెట్టె మీంచి దూకండి చాలు," అన్నాడు ఎర్మెక్. ఆటగాళ్ల కదలికలు కొలవడం అతని పని. చిన్న బ్యాగు, ఒక ట్యాబ్ పట్టుకుని ఆ పొద్దున్నే బిష్కెక్‌లోని వాలీబాల్ హాలుకి వచ్చాడు. జట్టులో అందర్నీ కొలిచాక ఆఖర్న మిగిలింది ఈమె.

దూకింది. ట్యాబ్‌లో గీతల బొమ్మా దూకింది. పాదాలు నేలకి తగలగానే బొమ్మ కుడి మోకాలు లోపలికి ఒరిగింది. పదిసార్లలో ఏడుసార్లు అంతే.

కోచ్ బురుల్ ఎజే, అంటే బురుల్ అక్క, ఒక్క ముక్కలో తేల్చేసింది. "శనివారం ఫైనల్ నువ్వు ఆడట్లేదు. ఇలా దిగితే లిగమెంట్ తెగుతుంది."

సల్కిన్ వానలో పరిగెత్తి, బస్‌స్టాపులో ఎర్మెక్‌ని పట్టుకుంది.

"ఎవడివయ్యా నువ్వు? ఆరేళ్లుగా ఆడుతున్నా. ఒక్కరోజు మోకాలు నొప్పన్నానా?"

"నొప్పొచ్చాక చెప్పడానికి డాక్టర్లున్నారు. నేను ముందే చెప్తాను."

"మిగతావాళ్లని ప్రాక్టీసుకి ముందు కొలిచావు. నన్ను రెండు గంటలు ఆడాక దూకించావు. అలిసిన కాళ్లు ఒరగవా మరి?"

ఆ సంగతి ఎర్మెక్‌కి నిజంగానే తట్టలేదు. బస్సొచ్చినా ఎక్కలేదు. తడుస్తూ హాలుకి తిరిగొచ్చి, కోచ్‌తో "తప్పు నాదే ఎజే. రేపు మళ్లీ కొలుస్తా," అన్నాడు.

మర్నాడు పదికి పది చక్కగా దిగింది.

"చూశావా?" అంది కనుబొమలెగరేసి.

"చూశాను. నిన్నటివీ చూశాను. అలిసేదాకా బావుంటారు, అలిశాకే ప్రమాదం."

"మెచ్చుకోవడం మీ వంశంలోనే లేదా?"

ఫైనల్లో మొదటి రెండు సెట్లు ఆడించడానికి కోచ్ ఒప్పుకుంది. శనివారం ఆ రెండూ గెలిచారు. ఆమె బెంచీ మీద కూర్చున్న తర్వాతి రెండూ పోయాయి. ఐదో సెట్, పన్నెండు పన్నెండు. సల్కిన్ లేచి నిలబడింది.

"ఎజే, నన్ను పంపండి!"

కోచ్ ఎర్మెక్ వైపు చూసింది. సల్కిన్ కూడా. ఎవర్నీ బతిమాలి ఎరగని కళ్లు అతన్ని బతిమాలాయి.

"వద్దు," అన్నాడతను.

ఓడిపోయారు. సల్కిన్ నీళ్ల సీసా గోడకేసి కొట్టింది. "ఇంకెప్పుడూ నీ మొహం నాకు చూపించకు!"

పన్నెండో రోజున తనే అతని గది తలుపు ధన్‌మని తెరిచింది. "నేర్పు. ఎలా దిగాలో. నోరు మూసుకుని నేర్పు."

ఎనిమిది వారాలు. "మోకాలు బయటికి!" "అరవకు!" "బయటికన్నానా?" "నువ్వే పో బయటికి!" ఎప్పుడు మొదలైందో గానీ, 'మీరు' పోయి 'నువ్వు' అయింది అతనికీ.

ఆఖరి రోజు ఒళ్లు హూనమయ్యేలా ఆడించి, పట్టీలు కట్టాడు. పదికి పది.

ఎర్మెక్ పట్టీలు విప్పుతూ, తలెత్తకుండా అడిగాడు. "ఆ రోజు సరే అనుంటే, నీకు నచ్చేవాణ్నా?"

"నచ్చేవాడివే. రెండు రోజులు." ఆమె అతని చేతిలోని పట్టీ లాక్కుంది. "అంతమంది అరుస్తుంటే, నేను అలా చూస్తుంటే కూడా వద్దన్నావు. ఆ కోపం ఇంకా తగ్గలేదు. చచ్చేదాకా తగ్గదు."

"అయితే?"

"అయితే ఏంటి, మొద్దూ! చచ్చేదాకా తిట్టాలంటే పక్కనే ఉండాలి కదా?"