పుర్రచేతి పార

కుంఫిణీ దొరల మనుషులు మా కారమడై పక్క పత్తి కొనడానికి తిరుగుతున్న రోజులవి. మా తోట బావిని తాత ఒక్కడే తవ్వాడని మా ఇంటి గొప్ప. ఆ మాట నలుగురికీ చెప్పందే నాకు తిన్నది అరిగేది కాదు. ఆ ఏడు వానలు ఎగ్గొట్టి బావి అడుగంటింది. పూడిక తీయిస్తే తుమ్మపిడి ఉన్న పొట్టి పార ఒకటి దొరికింది. తాతది కాక ఇంకెవరిది?

ఆయుధపూజ నాడు దానికి గంధం, కుంకుమ పెట్టి మా నాగళ్ల ముందు ఉంచి ఊరిని పిలిచాను. మిట్టమధ్యాహ్నం. సాంబ్రాణి పొగ, బెల్లం కలిపిన పొరి బొరుగుల వాసన. చూపు ఆనని మా అవ్వ వెంకటమ్మాళ్ పార పిడి తడిమింది. ఎడమ బొటనవేలు అరగదీసిన పల్లం దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇది మీ తాతది కాదు నాయనా," అంది గుసగుసగా. "నల్లసామిది. వాడిది పుర్రచెయ్యి."

బావి తవ్విన కూలివాడట. లోపలివాడు తాడు గుంజితే పైవాడు లాగాలి, బావి పనిలో కట్టుబాటు అదే. నీళ్లు పడ్డ రోజు గట్టు విరిగి నల్లసామి మీద పడింది. మట్టికింద నుంచి తాడు గుంజుతూనే ఉన్నాడు. ఊరిని పిలిచి తవ్విస్తే, పీనుగే తేలితే, మైలబావి నీళ్లు ఎవరు ముడతారు? పైన తాడు దగ్గరున్న తాత ఎవరినీ పిలవలేదు. తాడు కదలడం ఆగేదాకా నిలబడి, వాడు ఊరొదిలి పోయాడని చెప్పాడు.

"నేనూ చూశాను... నేనూ పలకలేదు," అంది అవ్వ.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నా నోట వచ్చిందేమిటి?

"మెల్లగా, అవ్వా. జనం ఉన్నారు."

పక్క తోట అయ్యాసామి మామ పార ఎవరిదని అడిగాడు. తాతదే అన్నాను.

జనం భోజనాలకు కూర్చోగానే పారను పంచెకొంగులో చుట్టి బావి దగ్గరకు పోయాను. పూజలో పెట్టిన పనిముట్టును ఆ రోజు కదపకూడదు. కదిపాను. తొంగిచూశాను. చుక్క నీరు లేదు, అడుగంతా బండ. లోపల మనిషి లేడు. విసిరేశాను.

చప్పుడు కాలేదు.

చెవులు రిక్కించాను... ఏమీ లేదు. పచ్చిమట్టి వాసన పైకొచ్చింది. పూడిక తీయడానికి కట్టిన తాడు ఇంకా గిలకకు వేలాడుతోంది.

అది బిగిసింది. గుంజింది. మళ్లీ గుంజింది...

వెనక నుంచి నన్ను భోజనానికి పిలుస్తున్నారు. నోరు తెరిస్తే చాలు, ఊరంతా వస్తుంది. తెరవలేదు. తాత నిలబడ్డ చోటే నిలబడ్డాను.

తాత చూసిన తాడు ఆగిందట. ఇది ఆగలేదు.