ముల్లు కదలని బుల్లెట్టు

వట్లూరులో ఆ మూడో సందుకి తెల్లవారిందని కోడి వచ్చి చెప్పక్కర్లేదు. ఆరున్నర అయ్యేసరికి దత్తాత్రేయులు మాస్టారి బుల్లెట్టు మోగుతుంది. ఆ మోతకి ఎదురింట్లో స్టీలు గ్లాసులు అలమారులోంచి నడుచుకుంటూ వచ్చి గట్టు మీద వరసగా నిలబడతాయట. ఈ మాట ఎదురింటివాళ్ళు చెప్పలేదు, మాస్టారే చెబుతారు. డెబ్బై ఒకటో సంవత్సరం బండి. కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. ఇప్పటి బళ్ళకి రెండూ తారుమారు. తారుమారైంది లోకమే గాని తన బండి కాదని ఆయన వాదన.

ఆ బండి మీద ఆయన చెప్పే కబుర్లకి అంతుండదు. ఒక ఏడు కొల్లేరు పొంగి రోడ్లన్నీ మునిగిపోతే, రెండు గూడబాతులు ముందు ఈదుతూ దారి చూపించగా, బండి నీళ్ళ మీదనే కైకలూరు దాకా వెళ్ళిందంటారు. ఆ రోజు బండిని పడవెక్కించిన సంగతీ, బరువుకి పడవ ఓ పక్కకి ఒరిగినప్పుడు పడవవాడు తిట్టిన తిట్లూ వెనక సీటు మనిషి సుబ్బలక్ష్మికి బాగానే గుర్తు. అయినా నలభై మూడేళ్ళ కాపురంలో ఆవిడ ఆ కబురుని ఒక్కసారీ కాదనలేదు.

ఆ గురువారం మాత్రం బండి మోగలేదు.

"ముల్లు మధ్యకొచ్చింది, చూశావా సుబ్బులూ? ఇప్పుడు చూడు తమాషా!" అంటూ మాస్టారు పంచె ఎగ్గట్టి కిక్కు తన్నారు. బండి ఒక్క నిట్టూర్పు విడిచి ఊరుకుంది.

ఆ ముల్లు కథేమిటో చెప్పాలి. హెడ్‌లైటు పైన చిన్న మీటరొకటి ఉంటుంది. కిక్కుని మెల్లగా నొక్కుతుంటే అందులో ముల్లు పక్కకి వెళ్ళి, తిరిగి మధ్యకొస్తుంది. సరిగ్గా అప్పుడు తన్నితేనే బండి పలుకుతుంది. తొందరపడితే ఎదురు తన్ని చీలమండ విరగ్గొడుతుంది.

సుబ్బలక్ష్మి మీటరు వైపు చూసింది. ముల్లు మధ్యలోనే ఉంది. ఎటూ వెళ్ళనిది మధ్యకి రావడమేమిటి? ఇంజను పక్క మూత కింద ఉండే రెండు పాయింట్లు కలిస్తేనే కరెంటు, కరెంటు ఉంటేనే ముల్లు కదలడం. ఆ పాయింట్ల మధ్య నిన్న మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా కాగితం ముక్క దూర్చింది తనే. ఇన్నేళ్ళూ టార్చిలైటు పట్టుకుని, స్పానర్లు అందిస్తూ పక్కన కూచున్న మనిషికి ఆ మాత్రం పని రాదా! స్పార్కు లేకపోతే ఎదురు తన్నదన్నది కూడా ఆలోచించుకునే చేసింది.

అంత పని ఊరికే చెయ్యలేదు. పోయిన ఆదివారం గుండుగొలను దగ్గర హైవే దాటుతుంటే ఎడమవైపు నుంచి లారీ వచ్చింది. కొండంత లారీ, హారన్ ఆపకుండా కొడుతోంది. మాస్టారు మాత్రం ఇంటి వాకిట్లో నడిపినంత నింపాదిగా బండిని ముందుకి పోనిచ్చారు. సుబ్బలక్ష్మి రెండు చేతులతో ఆయన వీపు బాదింది. బండి ఆగింది. లారీ వెళ్ళిన గాలికి ఆవిడ చీర కొంగు లేచి ఆయన మొహం మీద పడింది.

"మన బుల్లెట్టు మోతకి లారీ బెదిరిపోయి పక్కకి తప్పుకుందమ్మా!" అని ఇంటికొచ్చి కోడలు స్పందనని నవ్వించారు మాస్టారు. సుబ్బలక్ష్మి నవ్వలేదు. కళ్ళజోడు కనిపించడం లేదంటూ ఆయన రోజూ తన చేత పేపరు చదివించుకోవడం గుర్తొచ్చింది. మర్నాడు ఇల్లంతా వెతికింది. చివరికి బండి టూల్‌బాక్సులో, నూనె గుడ్డలో చుట్టిన కంటి ఆసుపత్రి చీటీ దొరికింది. మూడు నెలల నాటిది. నీటికాసులట. ఎడమకన్ను చూపు చాలామటుకు పోయింది, కుడికన్ను తగ్గుతోంది. కింద నర్సు ఎర్రసిరాతో గుండ్రంగా రాసింది: బండి నడపకూడదు.

అడిగితే ఇంకో కబురు పుడుతుందని ఆవిడకి తెలుసు. ఈ ఆదివారం కొల్లేటికోట పెద్దింటమ్మ గుడికి వెళ్ళాలని ఆయన అప్పుడే తీర్మానించేశారు. మళ్ళీ అదే హైవే, అవే లారీలు. అందుకని చీటీలో ఆ చివరి వరసని కత్తిరించి, మడిచి, పాయింట్ల మధ్య పెట్టింది.

శుక్రవారం కూడా మాస్టారు చొక్కా తడిసిపోయేదాకా తన్నారు. ప్లగ్గు తుడిచారు. పెట్రోలు పట్టి చూశారు. పాయింట్ల మూత విప్పడానికి స్క్రూడ్రైవరు పట్టుకున్నారు గాని, అది స్క్రూ గాడిలో పడక పక్కకి జారిపోతుంటే "తుప్పు పట్టింది వెధవది" అని విసిరేశారు. సుబ్బలక్ష్మి అది చూసి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు ఊరికే నిలబడింది.

సాయంత్రం కొడుకు జయంత్ ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విప్పకముందే అందుకున్నారు మాస్టారు.

"ఏం చేశావురా నా బండిని?"

"నేనేం చేశానండీ?"

"మంగళవారం అన్నావుగా, ఇక ఆ బండి చాలు నాన్నగారూ అని. అన్నావు, చేసి చూపించావు. ఎక్కడో తీగ తప్పించావు."

"ఏవండీ, మీరు లోపలికి రండి" అంది స్పందన మొగుడి చెయ్యి పట్టుకుని. అతను విడిపించుకున్నాడు.

"పందొమ్మిదేళ్ళప్పుడు ఒక్కసారి ఇచ్చారు. బ్రేకనుకుని కుడికాలు తొక్కాను, కాలవలో పడ్డాను. ఆ రోజునుంచి ఇరవై ఏళ్ళు ఆ బండి మీద చెయ్యి వెయ్యనిచ్చారా? వచ్చినవాళ్ళందరికీ ఆ కాలవ కథ చెప్పారు. మొదట మోకాటి లోతు నీళ్ళు. తర్వాత నడుము. మొన్న మా ఆఫీసరు గారికి చెప్పినప్పుడు నేను మునిగిపోతుంటే చేప ఒడ్డుకి తోసిందన్నారు! నవ్వాను. అన్నిటికీ నవ్వాను. ఇప్పుడు దొంగనీ చేశారు."

"తప్పు చేసినవాడికే ఇంత పొడుగు మాటలు!"

"సరేనండి. దగ్గర్లో ఓ చిన్న ఇల్లు చూసుకుని వెళ్ళిపోతాం. మీరూ మీ బండీ హాయిగా ఉండండి."

ఎవరూ భోజనానికి లేవలేదు. చేసిన గోంగూర పప్పు గిన్నెలోనే ఉండిపోయింది. చెప్పేద్దామని సుబ్బలక్ష్మి రెండుసార్లు నోరు తెరిచింది. చెబితే ఆయన ఆ కాగితం తీసేసి రేపే ఎక్కుతారు. చెప్పకపోతే కొడుకు వెళ్ళిపోతాడు.

శనివారం పొద్దున్నే తాడేపల్లిగూడెం నుంచి దేవసహాయం దిగాడు. అరవై దాటిన మెకానిక్కు. ఇంజను చప్పుడు విని పిస్టను పుట్టినరోజు చెబుతాడని మాస్టారి ప్రచారం. వాకిట్లో అందరూ పోగయ్యారు. జయంత్ గుమ్మానికి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పెట్రోలు వస్తోందయ్యా. ముల్లూ మధ్యకొస్తోంది. అయినా పలకదు. మా ఇంట్లో మనిషే ఏదో చేశాడు, అదేమిటో నీ నోటితో చెప్పు."

"ఆయ్, చూద్దామండి" అని దేవసహాయం చేత్తో కిక్కు నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. మీటరు మీదకి వంగాడు. తల గోక్కున్నాడు.

"మాస్టారండీ, ముల్లు మధ్యకి రావడం కాదండి. మధ్యలోనే ఉండిపోయింది. చచ్చినట్టు పడి ఉంటేనూ! మూడ్రోజుల్నించీ మీరు చూడలేదాండీ?"

మాస్టారు మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. జయంత్ చేతులు వదులయ్యాయి.

దేవసహాయం స్క్రూడ్రైవరు తీశాడు. సుబ్బలక్ష్మి మెట్లు దిగి వచ్చి దాన్ని అతని చేతిలోంచి తీసుకుంది.

"నువ్వాగవయ్యా. నేను విప్పుతాను."

కొంగు నడుముకి చుట్టుకుని బండి పక్కన చతికిలబడింది. రెండు స్క్రూలు, గుండ్రటి మూత, వేలికొసతో పాయింటు కొంచెం ఎడం చేసింది. నూనె మరకైన కాగితం ముక్క బయటికి లాగి, లేచి, మొగుడి చేతిలో పెట్టింది.

"చదవండి."

మాస్టారు దాన్ని దగ్గరకి పెట్టుకున్నారు. దూరం పెట్టారు. వెలుగు వైపు తిప్పారు.

"చదవలేరు. నాకు తెలుసు. నువ్వు చదవరా జయంత్."

జయంత్ వచ్చి తీసుకున్నాడు. "బండి నడపకూడదు" అని చదివి, అర్థంకాక తల్లి వైపు చూశాడు.

"కంటి డాక్టరు మాట. మూడు నెలలైంది. నూనెగుడ్డలో చుట్టి దాచారు మీ నాన్నగారు. దాన్ని అక్కడ పెట్టింది నేను. నిన్ను దొంగా అంటుంటే నోరు మూసుకున్నదీ నేనే. అది నా తప్పురా."

"నా బండికి... నువ్వా సుబ్బులూ!" అన్నారు మాస్టారు. "నా వెనక కూచుని నాకే..."

"మీ వెనక కూచున్నాను గనకనే! లారీ బెదిరిందా అండీ? నా మొహం చూసి చెప్పండి. మీరు అటు చూడనే లేదు. పడవని గూడబాతులన్నారు, ఊరుకున్నాను. మోకాటి నీళ్ళని సముద్రం చేశారు, ఊరుకున్నాను. నా పసుపు కుంకాల మీద కూడా కబుర్లేనా? మీరు పోతే ఆ బండి చెబుతుందా నాకు కథలు?"

దేవసహాయం మెల్లగా గేటు వైపు నడిచి, అవసరం లేకపోయినా అక్కడి గడియ పరీక్షించడం మొదలెట్టాడు.

మాస్టారు మెట్టు మీద కూలబడ్డారు. జయంత్ వెళ్ళి ఆయన ఎడమ పక్కన కూచున్నాడు. ఆయనకి తెలియలేదు. ఎదురుగా బండి వైపే మొహం పెట్టి, ఎవరికో చెబుతున్నట్టు అన్నారు.

"చీకటి ఎడమ పక్కనుంచి వస్తోందే. తలుపు వేసుకుంటున్నట్టు, రోజుకి ఇంత. ఇంట్లో ఉంటే దాని వైపే చూస్తూ కూచుంటాను. బండెక్కితే మాత్రం అది వెనకపడిపోతున్నట్టు ఉండేది. డాక్టరు ఒక్క మాటలో దింపేశాడు. నేను చెప్పే కబుర్లన్నీ ఆ బండి మీదవే కదా. దిగిపోయాక నా దగ్గర చెప్పడానికి ఏముంటుంది? వాణ్ణి... వాణ్ణి అంతమాట అన్నాను."

జయంత్ లేచి, చుట్టూ తిరిగి, ఈసారి కుడి పక్కన కూచున్నాడు. మాస్టారు ఉలిక్కిపడి చూశారు. కొడుకు కళ్ళు తడిగా ఉన్నాయి. ఆ కాస్తా ఆయనకి కనబడింది. చెయ్యి చాచి, తడుముకుని, కొడుకు మోకాలు పట్టుకున్నారు.

"ఆ రోజు కాలవలో నీళ్ళు చీలమండ దాకేరా" అన్నారు. "నేనే పెంచాను."

"చేప సంగతో?"

"చేప నిజమే" అన్నారు మాస్టారు, కళ్ళు తుడుచుకుంటూ.

ఆదివారం ఆరున్నరకి వాకిట్లో జయంత్ బండెక్కి నిలబెట్టాడు. కుడిచెయ్యి వైపు మాస్టారు నిలబడ్డారు.

"కుడికాలికేముంది?"

"గేరండి."

"ఎడమకాలికి?"

"బ్రేకు. ఎన్నిసార్లడుగుతారండీ!"

"పద్నాలుగుసార్లు. కొల్లేటికోట దాకా అడుగుతూనే ఉంటాను. రేపు కంటాసుపత్రికి వెళ్ళేటప్పుడూ అడుగుతాను. నొక్కు, మెల్లగా. ముల్లెక్కడుంది?"

"పక్కకి వెళ్ళిందండి. వస్తోంది... వస్తోంది... మధ్యకొచ్చింది నాన్నగారూ!"

"తన్ను!"

బండి మోగింది. మూడు రోజుల మౌనం తీరేలా మోగింది. ఎదురింట్లో ఏదో కిందపడ్డ చప్పుడైంది. అది గ్లాసే అయ్యుండాలి.

సుబ్బలక్ష్మి చెయ్యి అందిస్తే మాస్టారు వెనక సీటెక్కారు. నలభై మూడేళ్ళలో ఆయన ఆ సీటు మీద కూచోవడం అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక తొడల మీద పెట్టారు, తీశారు, గాల్లో ఉంచారు.

"సుబ్బులూ, నువ్వెక్కడ పట్టుకునేదానివే?"

"ఎక్కడా పట్టుకునేదాన్ని కాదండీ" అంది సుబ్బలక్ష్మి. "మీరు చెప్పేవి వింటూ కూచునేదాన్ని. భయం తెలిసేది కాదు."

మాస్టారు కొడుకు భుజం మీద చెయ్యి వేశారు. బండి గేటు దాటింది. సందు మలుపులో, ఇంజను మోతని మించిన గొంతుతో ఆయన అందుకోవడం ఆవిడకి వినిపించింది.

"ఒరే జయంత్, ఒక ఏడు కొల్లేరు పొంగినప్పుడు మీ అమ్మ ఏం చేసిందో తెలుసా? ఎదురుగా లారీ వస్తోంది. కొండంత లారీ. మీ అమ్మ రెండు చేతులతో దాన్ని ఆపింది!"

స్పందన పకపకా నవ్వి, అత్తగారి వైపు తిరిగింది. సుబ్బలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో కోడలికి తెలియలేదు.